బాలి వెళ్తున్నారా? నీళ్ళ వెంట వెళ్ళండి

బాలి వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోన్లలో ఎక్కువగా కనిపించేవి లోయ మీద ఉయ్యాల, ఈతకొలనులో తేలే టిఫిను పళ్ళెం, పొద్దుగుంకే వేళ సముద్రం. ఆ ఉయ్యాల ఫొటోలో వెనకాల మెట్లుమెట్లుగా దిగే వరి మళ్ళు ఉంటాయి చూడండి, ఆ ద్వీపం అసలు కథంతా అక్కడుంది. వాళ్ళ గుళ్ళు, పండగలు, ఊరి కట్టుబాట్లు చాలావరకు ఆ మళ్ళలోకి నీళ్ళు రావడం చుట్టూ అల్లుకున్నవే. బీచ్‌లు చూసుకోండి, వద్దనను. కానీ ప్రయాణం మాత్రం నీళ్ళ దారిని బట్టి వేసుకోండి. అలా వేసుకోవడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల మీద ఉద్యోగం చేసి, రిటైరై విజయవాడలో ఉంటున్నవాణ్ణి. దుగ్గిరాల లాకుల దగ్గర్నుంచి చివరి ఆయకట్టు దాకా నీళ్ళ తగాదాలన్నీ దగ్గర్నుంచి చూశాను. మా ఆవిడది చీరాల, నేత ఇంట్లో పుట్టిన మనిషి. కాబట్టి ఈ సలహాల్లో సగం నా కళ్ళతో చూసినవి, సగం ఆవిడ కళ్ళతో చూసినవి.

ముందు కాగితాల పని

గన్నవరంలో ఎక్కి బెంగళూరులో మారితే అక్కణ్ణుంచి బాలి రాజధాని దెన్‌పసార్‌కి నేరుగా విమానం ఉంది. హైదరాబాదు మీదుగా అయితే సింగపూరులోనో కౌలాలంపూరులోనో మారొచ్చు. రెండు టికెట్లు విడివిడిగా కొంటే మధ్యలో బాగా వ్యవధి ఉంచుకోండి. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువుండాలి. మనకి వీసా అక్కడ దిగాక ఇస్తారు, ముందే ఆన్‌లైన్‌లోనూ తీసుకోవచ్చు. ఫీజు 5 లక్షల రుపియా, 30 రోజులు చెల్లుతుంది, ఒకసారి పొడిగించుకోవచ్చు. సున్నాలు చూసి కంగారు పడకండి, మన డబ్బులో మూడు వేల లోపే. ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు ఇండోనేసియా ఇమిగ్రేషన్ అధికారిక సైటులోనే కట్టండి. అచ్చం అలాగే కనిపించే దళారీ సైట్లు చాలా ఉన్నాయి.

ఇది కాక 2024 ఫిబ్రవరి 14 నుంచి విదేశీ యాత్రికులు తలా 1,50,000 రుపియా కట్టాలి. సంస్కృతినీ ప్రకృతినీ కాపాడుకోవడానికని బాలి ప్రభుత్వం పెట్టిన రుసుము. దీనికి సణుక్కునేవాళ్ళని చూశాను. నాకైతే న్యాయమనే అనిపించింది. మన పాత ఉమ్మడి కృష్ణా జిల్లా కంటే చిన్న ద్వీపం అది, జనాభా దాదాపు అంతే. ఆ కాస్త నేల మీదికి 2024లో 60 లక్షలకు పైగా విదేశీయులు వచ్చారు. ఆస్ట్రేలియా తర్వాత ఎక్కువ మంది వెళ్ళింది మన దేశం నుంచే. అంతమందికీ స్నానానికీ కొలనులకీ నీళ్ళు కావాలి, ఆ నీళ్ళు కూడా పొలాలకి పారే నీళ్ళలోంచే రావాలి.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు తక్కువ. మన పిల్లల వేసవి సెలవులకి సరిగ్గా సరిపోతుంది. జులై, ఆగస్టు, క్రిస్మస్ రోజుల్లో రద్దీ ఎక్కువ. ఇక పొలాలు పచ్చగా ఎప్పుడుంటాయని ఒక్క నెల పేరు చెప్పలేం, ఒక్కో చోట ఒక్కో వేళకి నాట్లు పడతాయి. బస ఇచ్చేవాళ్ళనే ముందుగా అడగండి: నాట్లు అయ్యాయా, కోతలయ్యాయా, మళ్ళు ఖాళీగా ఉన్నాయా అని. ఖాళీగా ఉన్నాయన్నా నిరాశ పడకండి. ఎందుకో కింద చెబుతాను.

నీళ్ళ దారి

మొదట కొండెక్కండి. కింతమని దగ్గర బటూర్ అగ్నిపర్వతం, దాని ఒడిలో బటూర్ సరస్సు. జనం కాఫీ హోటళ్ళ బాల్కనీల్లోంచి ఫొటో తీసుకుని దిగిపోతారు. మీరు అక్కడే అంచు మీదున్న ఉలున్ దాను బటూర్ గుడికి వెళ్ళండి. పాత గుడి కింద సరస్సు దగ్గర ఉండేది. 1926లో అగ్నిపర్వతం బద్దలై లావా ముంచేస్తే గుడినీ ఊరినీ పైకి మార్చుకున్నారు. సరస్సు దేవత పేరు దేవి దాను. నీళ్ళన్నీ ఆ తల్లివేనని నమ్మకం. కింద ఎక్కడెక్కడి రైతు సంఘాలో ఇక్కడికి మొక్కుబడులు తెచ్చి ఇస్తాయి. కొత్తగా ఒక ఊటని సాగుకి వాడుకోవాలంటే ఇక్కడి పెద్ద పూజారి మాటకి విలువుంటుంది.

సరస్సు నుంచి బయటికి పారే ఏరు ఒక్కటీ కనపడదు. నీళ్ళు నేలలోకి ఇంకి, కొండ దిగువన ఊటలై పైకొస్తాయి. అలాంటి ఊటల దగ్గర వెలిసిన గుళ్ళలో పేరున్నది తంపక్‌సిరింగ్‌లోని తీర్థ ఎంపుల్. క్రీ.శ. 962 నాటిది. కోనేటి అడుగున నల్లటి ఇసుక బుడబుడలాడుతూ పైకి లేస్తుంటుంది, అది చూడటానికే కాసేపు నిలబడండి. పక్క కోనేట్లో వరసగా ధారలు పడుతుంటాయి. స్థానికులు ఒక్కో ధార కింద చేతులు జోడించి తల ఉంచుతారు. మీరూ దిగొచ్చు. అక్కడిచ్చే వస్త్రం కట్టుకుని, వరసలో నిలబడి, వాళ్ళు వదిలేసిన ధారల్ని మీరూ వదిలేయండి. అవి చనిపోయినవాళ్ళ కర్మలకి సంబంధించినవి. సబ్బు, షాంపూ ఏదీ వద్దు. ఆ కోనేరు దాటిన నీళ్ళు నేరుగా కిందున్న పొలాలకే పారతాయి. గుడి బయటికొచ్చాక ఆ కాలవ వెంట కాస్త దూరం నడిచి చూస్తే మీకే అర్థమవుతుంది.

మూడో మజిలీ తబనాన్ వైపు జతిలువిహ్. దీనికి ఒక పూట పెట్టుకుంటే చాలదు, రాత్రి అక్కడే ఉండండి. ఉబుద్ ఊరి పక్కనున్న తెగల్లాలంగ్ మళ్ళు కూడా అందమైనవే, కానీ అక్కడ ఉయ్యాలల సందడిలో పొలంపని కనపడదు. జతిలువిహ్‌లో కనపడుతుంది. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన బాలి ప్రాంతాల్లో ఇదీ ఉంది. ఆ గుర్తింపు వచ్చింది దృశ్యానికి మాత్రమే కాదు, సుబాక్‌కి. సుబాక్ అంటే ఒకే కాలవ కింద నీళ్ళు పంచుకునే రైతుల సంఘం. గుడి, మనుషులు, నేల, ఈ మూడింటి మధ్యా పొత్తు కుదరాలన్నది దాని సూత్రం. సంఘానికో పెద్ద ఉంటాడు, పెకసెహ్ అంటారు. వాళ్ళ కట్టుబాట్లు వాళ్ళవి, తప్పితే జరిమానా. మన దగ్గర 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. అక్కడివి తొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి.

పొలం గట్టు మీద నడిచేటప్పుడు కాలవ రెండుగా చీలే చోట ఆగండి. పాత పద్ధతిలో అయితే అడ్డంగా ఒక దుంగ వేసి ఉంటుంది, ఇప్పుడు చాలాచోట్ల సిమెంటుతో కట్టారు. దుంగలో గాట్లు కొట్టి ఉంటాయి. గాటు ఎంత వెడల్పో ఆ వైపు పొలాలకి అంత వాటా. కాలవలో నీళ్ళు పెరిగితే అందరికీ పెరుగుతాయి, తగ్గితే అందరికీ తగ్గుతాయి. షట్టరు లేదు, తాళం లేదు, రాత్రి కాపలా కాసే లస్కరు లేడు. వంగి చూస్తే రెండు గాట్లలోనూ నీటిమట్టం ఒకేలా, నున్నగా జారుతూ ఉంటుంది. చివరి ఆయకట్టు రైతులు మా ఆఫీసు ముందు కూచున్న ఎండాకాలాలు నాకు బాగా గుర్తు. ఆ దుంగ దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఇప్పుడు ఖాళీ మళ్ళ సంగతి. ఒక పెద్ద ప్రాంతంలోని సుబాక్‌లన్నీ కూడబలుక్కుని ఒకేసారి కోసి, ఒకేసారి పొలాలు ఖాళీగా వదులుతాయి. నీళ్ళ గుడిలో పెట్టుకున్న ముహూర్తాల ప్రకారం ఇది జరుగుతుంది. అంత మేరా తిండి దొరక్క పురుగు చచ్చిపోతుంది. 1970లలో ప్రభుత్వం కొత్త వంగడాలిచ్చి, ఎవరికి వీలైనన్ని పంటలు వాళ్ళు వెంటవెంటనే వేసుకోమంది. నీళ్ళ వంతులు గందరగోళమయ్యాయి, సుడిదోమ పురుగు విరుచుకుపడింది. మన డెల్టా రైతుకి సుడిదోమ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త, జేమ్స్ క్రీమర్ అనే పర్యావరణ శాస్త్రవేత్త కలిసి కంప్యూటరు మీద లెక్కలు కట్టి చూస్తే, నీళ్ళ గుళ్ళ పాత పద్ధతిలోనే నీటి ఎద్దడీ పురుగు బెడదా కలిపి తక్కువని తేలింది. కాబట్టి మీరు వెళ్ళినప్పుడు మోళ్ళు మాత్రమే మిగిలిన మడి కనిపిస్తే, అది కూడా ఆ ఏర్పాటులో భాగమేనని తెలుసుకుని చూడండి.

గట్ల మీద నడక జాగ్రత్త. మన గట్ల కంటే సన్నం, ఒక అడుగు జారితే మట్టి కిందికి పోతుంది, కింది మడి రైతుకి పని పడుతుంది. గుర్తు పెట్టిన బాటలోనే వెళ్ళండి. మోపు ఎత్తుకొస్తున్న మనిషి ఎదురైతే మీరే పక్కకి తప్పుకోండి. టికెట్టు డబ్బులో ఊరికీ సుబాక్‌కీ వాటా వెళ్తుంది, దొడ్డిదారి వెతక్కండి. వాళ్ళు పండించే ఎర్రబియ్యం కొనుక్కోండి. పొలం అమ్మి విల్లా కట్టించుకుంటే వచ్చే డబ్బు ముందు వరి ఏపాటిదని చాంగు వైపు ఎందరో అమ్మేశారు. సాగు నిలవాలంటే సాగుకి డబ్బు అందాలి. అందుకే బస కూడా పొలాల పక్క ఊళ్ళో, ఇంటివాళ్ళు నడిపే హోమ్‌స్టేలో తీసుకోమంటాను. జతిలువిహ్, సిదెమెన్, ముందుక్, మూడూ మంచివే.

గుడికి వెళ్ళే పద్ధతి

మన అలవాట్లతో వెళ్తే కొంచెం తికమక ఉంటుంది. గర్భగుడి, మూలవిరాట్టు, దర్శనం క్యూ ఉండవు. ఆకాశం కింద మూడు ఆవరణలుంటాయి. అన్నిటికంటే లోపలి ఆవరణలో పద్మాసనం అనే ఎత్తైన రాతి పీఠం, దాని మీద ఎవరూ ఉండరు. ఆ ఖాళీ పీఠానికే మొక్కుతారు. పూజ చేసుకోవడానికి కాకుండా చూడటానికి వెళ్ళినవాళ్ళు లోపలి ఆవరణలోకి పోకూడదు. మేమూ హిందువులమేనని గుమ్మం దగ్గర వాదనకి దిగేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. నిజంగా పూజ చేసుకోవాలనుకుంటే మీ డ్రైవరుకో ఇంటివాళ్ళకో ముందే చెప్పండి. వాళ్ళే నైవేద్యం కొనిపించి, పక్కన కూచోబెట్టి చేయిస్తారు. తీర్థం చల్లి, దోసిట్లో పోసి, తడిపిన బియ్యపు గింజలు నుదుట అద్దుకోమని ఇస్తారు. వాళ్ళ త్రిసంధ్య ప్రార్థన గాయత్రితో మొదలవుతుంది. లౌడుస్పీకర్లో విన్నప్పుడు మా ఆవిడ కళ్ళు చెమర్చాయి.

ఆడా మగా ఎవరైనా మోకాళ్ళ కింద దాకా వస్త్రం, నడుముకి పట్టీ కట్టుకోవాలి. అద్దెకిస్తారు. నేను మాత్రం మన పంచె కట్టుకుని, నడుముకి కండువా బిగించుకుని వెళ్ళాను, ఎక్కడా అడ్డు చెప్పలేదు. బహిష్టు రోజుల్లో గుడిలోకి రావద్దన్నది అక్కడి నియమం, బోర్డు మీదే రాసి ఉంటుంది. ప్రార్థన చేసుకునేవాళ్ళ ముందు నుంచి నడవకండి, పూజారి కంటే ఎత్తులో నిలబడి ఫొటో తీయకండి. ఉలువాతు గుడి దగ్గర కోతులు కళ్ళజోళ్ళు లాక్కుపోతాయి, జేబులో పెట్టేసుకోండి.

రోడ్డు మీద, కొట్టు గుమ్మంలో, స్కూటరు మీద కూడా అరచేయంత కొబ్బరాకు తట్టలు కనిపిస్తాయి. చనాంగ్ సారి అంటారు. మన ఇంటి ముందు ముగ్గు లాంటిదే, ఏ రోజుది ఆ రోజు పెట్టాల్సిందే. దగ్గరగా చూడండి: తూర్పున తెల్లపూలు, దక్షిణాన ఎర్రవి, పడమర పసుపువి, ఉత్తరాన నీలమో ఆకుపచ్చో. పైన అగరుబత్తి. మేమున్న ఇంటి కోడలు పొద్దున్నే పళ్ళెం నిండా అవి పెట్టుకుని, బావి దగ్గరొకటి, పొయ్యి దగ్గరొకటి, మా గది గడప దగ్గరొకటి పెడుతూ, నీళ్ళు చిలకరించి, వేళ్ళ సందున పువ్వుతో గాలిని మెల్లగా తోసేది. అగరుబత్తి ఆరిన తర్వాత పొరపాటున కాలు తగిలినా పెద్దగా పట్టించుకోరు గానీ, వెలుగుతుండగా దాటకండి.

నాట్యం, నేత

సాయంత్రం కెచాక్ చూడండి. వాద్యం లేకుండా మగవాళ్ళంతా గుండ్రంగా కూచుని చక్‌చక్‌మని గొంతులతోనే రామాయణం నడిపిస్తారు. ఇది అనాదిగా ఇలాగే ఉన్నది కాదు. పాత పూనకపు తంతులోని గొంతుల బృందాన్ని తీసుకుని, 1930లలో వాయాన్ లింబక్ అనే బాలి నర్తకుడు, వాల్టర్ స్పీస్ అనే జర్మన్ చిత్రకారుడు యాత్రికుల కోసం మలిచారు. అలాగని తక్కువ చేయడానికి లేదు. బాలివాళ్ళు దీని గురించి గట్టిగా ఆలోచించుకున్నారు. 1971లో పండితులూ పూజారులూ సభ పెట్టుకుని, ఏ నాట్యం దేవుడి ముందు మాత్రమే ఆడాలి, ఏది ఉత్సవానికి, ఏది టికెట్టు పెట్టి ఆడొచ్చు అని మూడుగా విడదీశారు. యాత్రికులకి ఎంతవరకు తలుపు తీయాలో వాళ్ళే గీత గీసుకున్నారు. నాకు ఆ ద్వీపం మీద గౌరవం పెరిగింది ఇక్కడే. మీ వంతుగా చేయాల్సింది, గుడిలో జరిగే నాట్యానికి పిలిస్తే వెళ్ళి వెనక కూచోవడం, ప్రదర్శనకి టికెట్టు కొనుక్కోవడం.

నేత అంటే ప్రాణమున్నవాళ్ళు తూర్పున తెంగనాన్ ఊరికి తప్పక వెళ్ళండి. అక్కడ గెరింగ్‌సింగ్ అనే బట్ట నేస్తారు. పడుగునీ పేకనీ రెండింటినీ ముందే ముడులేసి రంగులద్ది, మగ్గం మీద గళ్ళు కలిసేలా నేయడం. ఈ పని ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల ఉంది, అందులో మన చీరాల తేలియా రుమాలు ఒకటి. మా ఆవిడ మగ్గం పక్కన కూచుని నూలు వేళ్ళ మధ్య నలిపి చూసింది. నూలుని నూనెలో, బూడిద నీళ్ళలో నానబెడతారని అక్కడి ముసలమ్మ సైగలతో చెబితే, చీరాలలో కూడా నూనె, ఆముదపు కాయల బూడిదేనని ఈవిడ సైగలతోనే చెప్పింది. అక్కడ వాడేది కుకుయి అనే చెట్టు గింజల నూనె, ఎరుపుకి చెట్టు వేరు బెరడు. ఒక బట్ట పూర్తవడానికి ఏళ్ళు పడుతుంది. అందుకని బేరమాడకండి. కొనగలిగితే కొనండి, లేకపోతే చిన్న తాటాకు బొమ్మ కొని దణ్ణం పెట్టి రండి.

తిండి, తిరుగుడు

శాకాహారులకి ఇబ్బంది లేదు గానీ ఒక జాగ్రత్త: పచ్చళ్ళలో, కూరల్లో రొయ్యల ముద్ద కలుపుతారు, తెరాసి అంటారు. "తన్పా తెరాసి" అని చెబితే వేయరు. సోయా గింజలు పులియబెట్టి చేసే టెంపే, టోఫు, కొబ్బరి వేసిన ఆకుకూరలు, అన్నం, ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. కారం విషయంలో గుంటూరువాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు, పచ్చి ఉల్లి, నిమ్మగడ్డి, మిరపకాయలు కోసి నూనెలో కలిపే సంబల్ మాతా అన్నంలోకి చాలు. ఎక్కడపడితే అక్కడ అమ్మే నాటు సారా ముట్టకండి, కల్తీ వల్ల ప్రాణాలు పోయాయి.

స్కూటరు నడపాలంటే ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ పర్మిట్టు ఉండాలి. కుటుంబంతో వెళ్తే రోజుకింత అని కారు మాట్లాడుకోవడం మేలు. పుట్టిన వరసని బట్టి వాయాన్, మదే, న్యోమన్, కెతుత్ అని పేర్లుంటాయి కాబట్టి నలుగురు డ్రైవర్లలో ఇద్దరు వాయాన్లే కావచ్చు. ఫోన్లో పేరు పక్కన ఊరి పేరు కూడా రాసుకోండి. దారిలో ఊరేగింపు ఎదురైతే గళ్ళపంచె కట్టిన ఊరి కాపలాదార్లు ఆపుతారు, పెచాలాంగ్‌లు అంటారు. హారన్ కొట్టించకండి. దక్షిణాన ఉన్న బీచ్‌లకి ఒక రోజు సరిపోతుంది.

న్యేపి రోజు పడితే

బాలివాళ్ళదీ శాలివాహన శకమే. వాళ్ళ కొత్త సంవత్సరం న్యేపి మన ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది, 2026లో రెండూ మార్చి 19నే. ముందు రోజు సాయంత్రం ఓగో-ఓగో అనే పెద్దపెద్ద రాక్షస బొమ్మల్ని ఊరేగిస్తారు, అది తప్పకుండా చూడండి. మర్నాడు తెల్లవారుజామున ఆరింటి నుంచి 24 గంటలు ద్వీపమంతా మూత: నిప్పు వెలిగించరు, పని చేయరు, బయటికి పోరు, వినోదం ఉండదు. విమానాశ్రయం కూడా మూసేస్తారు. యాత్రికులకీ మినహాయింపు లేదు, బస ఆవరణ దాటి రాకూడదు. ముందు రోజే పళ్ళు, రొట్టె, మందులు, పిల్లల పాలు తెచ్చిపెట్టుకోండి. రాత్రి దీపం వేసుకున్నా బయటికి వెలుగు రాకుండా తెర దించండి. తిరుగు ప్రయాణం మాత్రం ఆ మర్నాటి ఉదయానికి పెట్టుకోకండి. ఆగిపోయిన విమానాలన్నీ అప్పుడే కదులుతాయి కాబట్టి సాయంత్రం విమానమో ఆ పై రోజుదో తీసుకోండి.